మెదడుకు పెట్టే కరెంటు: ఎంత, ఎక్కడ, ఎన్నాళ్లు

ఈసీటీ (తలకు కరెంటు పెట్టి ఫిట్స్ తెప్పించే చికిత్స) గదిలో బల్ల మీద పడుకున్న పేషెంటు కుడి చీలమండకు పైన బీపీ పట్టీ కట్టి ఉంటుంది. బీపీ చేతికి కదా చూస్తారు, కాలికెందుకు కట్టారని తోడొచ్చినవాళ్లకు అనుమానం వస్తుంది. మత్తు ఎక్కాక, కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇచ్చే ముందు ఆ పట్టీలోకి గాలి గట్టిగా కొడతారు. పట్టీ ఒత్తిడి పేషెంటు బీపీని మించితే పాదానికి రక్తం పోదు, రక్తంతో వెళ్లే మందూ పోదు. కాసేపటికి మొహం దగ్గర మొదలై కాళ్లదాకా కండరాలు సన్నగా, అలలు అలలుగా అదిరి సద్దుమణుగుతాయి. ఒళ్లంతా వదులైపోతుంది, ఆ ఒక్క పాదం తప్ప. మీట నొక్కాక మెదడులో ఫిట్స్ నడుస్తున్నంతసేపూ ఆ పాదం వేళ్లు లయగా కొట్టుకుంటాయి. ముప్ఫై, నలభై సెకన్లు. తర్వాత ఆగిపోతాయి. బయటికి కనబడే "కరెంటు షాక్" దాదాపు ఇంతే.

మన ఊళ్లలో ఈ చికిత్సను "కరెంటు పెట్టించడం" అంటారు. ఆ మాటలో ఎంత కరెంటో లేదు, తలలో ఎక్కడో లేదు, ఎన్నిసార్లో లేదు. భయపడేవాళ్లు ఆ మాటను పట్టుకునే భయపడతారు. డిప్రెషన్‌కే వాడే అయస్కాంత చికిత్సను (దాని సంగతి తర్వాత చెప్తాను) అమ్మేవాళ్లు కూడా "ఇది షాక్ కాదండీ, మతిమరుపు రాదు" అంటూ ఆ మాటనే పట్టుకుని అమ్ముతారు. డిప్రెషన్‌కు వాడే ఈ చికిత్సలన్నిటి గురించీ నేను గట్టిగా నమ్మేది ఒకటి ఉంది. యంత్రం పేరు చూసి మంచిచెడ్డలు తేల్చలేం, మోతాదు చూసి తేల్చాలి. ఎంత, ఎక్కడ, ఎన్నాళ్లు అన్న మూడూ కలిస్తేనే మోతాదు. మాత్రల చీటీ మీద మిల్లీగ్రాములు లేకపోతే మనం ఊరుకోం. తలకు పెట్టే కరెంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ లెక్క ఎవరూ అడగరు, చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

ఈ చికిత్స పుట్టిందే ఒక తప్పుడు ఊహ మీద. మూర్ఛ ఉన్నవాళ్లకు స్కిజోఫ్రెనియా రాదని, రెండింటికీ పడదని బుడాపెస్ట్‌లో మెడూనా అనే డాక్టరు అనుకున్నాడు. 1934లో కర్పూరంతో, ఆ తర్వాత మెట్రజాల్ అనే మందుతో పేషెంట్లకు ఫిట్స్ తెప్పించాడు. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బినీ ఆ పనికి కరెంటు వాడారు. ఊహ నిలబడలేదు గానీ ఫలితం నిలబడింది. అది బాగా కనబడింది మాత్రం తీవ్రమైన డిప్రెషన్‌లో. అన్నం ముద్ద మింగనివాళ్లు, మంచం దిగనివాళ్లు, తమ వల్లే ఇల్లు నాశనమైందని లేని పాపాలను నమ్మేవాళ్లు కొన్ని వారాల్లో లేచి కూర్చున్నారు. భ్రమలతో కూడిన డిప్రెషన్‌కు ఇప్పటికీ ఇంతకంటే బాగా పనిచేసే చికిత్స లేదు.

ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా డాక్టర్లు నమ్మింది ఒక్కటే, ఫిట్ వస్తే చాలని. కరెంటు కేవలం అగ్గిపుల్ల లాంటిది, మంట అంటుకుంటే దాని పని అయిపోయినట్టే అనుకున్నారు. 1993లో న్యూయార్క్‌లో శాకైమ్ బృందం ఆ నమ్మకాన్ని పడగొట్టింది. పేషెంట్లను నాలుగు గుంపులు చేశారు. కొందరికి రెండు కణతల మీద, కొందరికి కుడి పక్క మాత్రమే. రెండు చోట్లా తక్కువ మోతాదు, ఎక్కువ మోతాదు. నాలుగు గుంపుల్లోనూ ఫిట్స్ సరిపడా వచ్చాయి. రెండు కణతల మీద పెట్టినవాళ్లలో 100కి 65 మందిదాకా మెరుగయ్యారు. కుడి పక్క తక్కువ మోతాదు పెట్టినవాళ్లలో మెరుగైనవాళ్లు 17 శాతమే. అదే పక్క మోతాదు పెంచితే 43 శాతం. ఫిట్ అందరికీ ఒకేలా వచ్చినా మేలు మాత్రం ఒకేలా జరగలేదు. తలలో కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయింది, ఆ మనిషికి కావలసిన కనీస కరెంటు కంటే ఎన్ని రెట్లు పోయింది అన్నవే ఫలితాన్ని తేల్చాయి. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన అధ్యయనం ఇదే.

ఆ కనీస కరెంటును ఫిట్ గడప అందాం. ఇది ఒకరికీ మరొకరికీ పది రెట్లు, ఒక్కోసారి అంతకు మించి తేడాగా ఉంటుంది. ఆడవాళ్ల కంటే మగవాళ్లకు, కుర్రవాళ్ల కంటే పెద్దవాళ్లకు సాధారణంగా ఎక్కువ. అందుకే మొదటి రోజు చిన్న మోతాదుతో మొదలుపెట్టి, ఫిట్ రాకపోతే కొద్దికొద్దిగా పెంచి గడప ఎక్కడుందో పట్టుకుంటారు. రెండు కణతల పద్ధతిలో తర్వాతి సారి నుంచి దానికి ఒకటిన్నర రెట్లు పెడతారు. కుడి పక్క పద్ధతిలో ఐదారు రెట్లు. అందరికీ ఒకే నంబరు తిప్పి పెట్టేచోట ఒకరికి చాలదు, ఇంకొకరికి అవసరానికి మించి పోతుంది. చాలనివాళ్లకు జబ్బు తగ్గదు. మించినవాళ్లకు మతిమరుపు మిగులుతుంది.

లెక్క కష్టమైనదేమీ కాదు. కరెంటు 0.8 ఆంపియర్లు, ఒక్కో పల్సు (ఒక్క తుంపు కరెంటు) వెడల్పు 1 మిల్లీసెకను, సెకనుకు 100 పల్సులు, మొత్తం 2 సెకన్లు అనుకోండి. నాలుగూ గుణిస్తే 160 మిల్లీకూలుంబులు, మొత్తం ఎంత విద్యుత్తు పంపారో చెప్పే కొలమానం ఇది. రెండు సెకన్లలో తలకు నిజంగా కరెంటు తగిలింది సెకనులో ఐదోవంతు. అందులోనూ పెద్ద భాగం నెత్తి చర్మం గుండానే పక్కకు జారిపోతుంది, పుర్రె ఎముక అంత గట్టిగా అడ్డుకుంటుంది. ఇంట్లో ప్లగ్గుల్లో వచ్చే రకం కరెంటునే తలకు పంపిన పాత యంత్రాలతో తేడా ఇక్కడే వస్తుంది. ఆ కరెంటు అలలా మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, ఒక్కో సగం అలకు 10 మిల్లీసెకన్లు పడుతుంది. నాడీకణం మేల్కోవడానికి 0.1, 0.2 మిల్లీసెకన్లు చాలు. మిగిలిందంతా వృథా, వృథా అయినదంతా జ్ఞాపకశక్తి మీద భారం. పల్సు వెడల్పు 0.3 మిల్లీసెకన్లకు తగ్గించిన అతి పొట్టి పల్సు పద్ధతిలో మతిమరుపు బాగా తక్కువ. బదులుగా గుణం కొంచెం నెమ్మదిగా కనబడుతుంది, రెండు మూడు సార్లు ఎక్కువ చేయాల్సి రావచ్చు. మంచినీళ్లు కూడా ముట్టని పేషెంటుకు అంత వ్యవధి ఉండదు, అక్కడ రెండు కణతల పద్ధతే సరైనది. ఉద్యోగం చేసుకుంటూ మెల్లగా కుంగిపోతున్న మనిషికి కుడి పక్కతో మొదలుపెట్టడం మేలు. ఏది మంచిదన్న ప్రశ్నకు మనిషిని చూడకుండా జవాబు చెప్పలేం.

తలకు నూనె రాసుకుని రావద్దని ముందు రోజే చెప్తారు. చాలామంది దీన్ని శుభ్రత విషయం అనుకుంటారు. కొబ్బరినూనె పొర ఎలక్ట్రోడుకూ చర్మానికీ మధ్య అడ్డుగోడ అవుతుంది. నిరోధం పెరిగితే కరెంటు సరిగా దిగదు, చర్మం కాలే ప్రమాదం కూడా ఉంది. ముందురోజు తలస్నానం చేసి, ఆరబెట్టుకుని రావాలి. ఆరు గంటల ముందు నుంచి తిండి ఉండకూడదు, తిన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. కట్టుడు పళ్లు తీసేయాలి. నోట్లో పెట్టే రబ్బరు దిమ్మ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సడలింపు మందు ఇచ్చినా కణతల దగ్గరి కండరాలకు కరెంటు నేరుగా తగులుతుంది కాబట్టి దవడ గట్టిగా బిగుసుకుంటుంది. దిమ్మ సరిగా అమర్చకపోతే పళ్లు విరిగేది, నాలుక తెగేది అక్కడే. కరెంటు తగలగానే గుండె ఒక్క క్షణం నెమ్మదిస్తుంది, ఫిట్ మొదలయ్యాక ఒక్కసారిగా పరుగెత్తుతుంది, బీపీ ఎగబాకుతుంది. ఈ రెండింటికీ మత్తు డాక్టరు సిద్ధంగా ఉండాలి. అంతా చేసినా మరణాలు లక్ష సిట్టింగులకు రెండు అటూ ఇటూ. మత్తు ఇచ్చి చేసే ఏ చిన్న ఆపరేషన్‌తో పోల్చినా ఇది పెద్ద అంకె కాదు.

మెదడు లోపల ఏం జరుగుతుందో, మెదడు విద్యుత్తును గీతలుగా గీసే ఈఈజీ కాగితం మీద చూడొచ్చు. మొదట గీతలు దట్టంగా, మొనదేలి ఉంటాయి. తర్వాత సెకనుకు మూడు చొప్పున పెద్ద నెమ్మది అలలు వస్తాయి. చివర్లో ఉన్నట్టుండి గీత చదునైపోతుంది. నా దృష్టిలో అసలు ముఖ్యమైన ఘట్టం ఆ చదును. ఫిట్‌ను ఆపింది బయటి మందు కాదు, మెదడే తన బ్రేకులన్నీ వేసి ఆపుకుంది. ఆ చదును ఎంత స్పష్టంగా వస్తే గుణం అంత బాగుండే అవకాశం ఉందని చాలా అధ్యయనాల్లో కనబడింది. వారానికి రెండు మూడుసార్లు, ఆరు నుంచి పన్నెండు సార్లు ఇలా బ్రేకు వేయించే కొద్దీ ఆ బ్రేకులు బలపడతాయి. కోర్సు నడిచే కొద్దీ ఫిట్ గడప పైకి పోతుంది, ఫిట్ నిడివి తగ్గుతుంది, ముందు మెదడులో రక్తప్రసారం కొంతకాలం తగ్గుతుంది. నాడీకణాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పెరగడం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు. ఫిట్ తెప్పించే చికిత్స చివరికి ఫిట్‌కు విరుగుడులా పనిచేస్తోందన్న మాట. నాలుగో సిట్టింగులో సరిపోయిన మోతాదు ఎనిమిదో సిట్టింగులో చాలకపోవడం కూడా ఇందువల్లే. ఇది గమనించి పెంచకపోతే "మొదట్లో బాగుంది, తర్వాత పనిచేయలేదు" అని కేసు మూసేస్తారు.

ఇక హిప్పోక్యాంపస్. కణతల లోతున రెండు పక్కలా ఉండే ఈ భాగం కొత్త జ్ఞాపకాలకు తలుపు లాంటిది. దీర్ఘకాలం డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఇది కొంచెం చిన్నదిగా కనబడుతుంది. ఈసీటీ కోర్సు తర్వాత ఎంఆర్‌ఐ తీస్తే పరిమాణం పెరిగి కనబడుతుంది. కుడి పక్క మాత్రమే కరెంటు పెడితే కుడి హిప్పోక్యాంపస్ ఎక్కువ పెరుగుతుంది, సిట్టింగులు ఎక్కువైతే పెరుగుదలా ఎక్కువ. ఎలుకల్లో ఇలాంటి ఫిట్స్ కొత్త నాడీకణాలను పుట్టిస్తాయని 2000 నుంచి తెలుసు. ఇది చదివి "షాక్ మెదడును పెంచుతుంది" అని పండగ చేసుకునేవాళ్లతో నేను ఏకీభవించను. పెరిగిన పరిమాణానికీ జబ్బు తగ్గడానికీ నేరుగా లంకె దొరకలేదు. ఎక్కువ పెరిగినవాళ్లు ఎక్కువ కోలుకోలేదు. కొన్ని నెలలకు ఆ పెరుగుదల వెనక్కి పోతుంది, మనిషి మాత్రం బాగానే ఉండొచ్చు. పెరుగుదలను మేలుకు రుజువుగా చూపలేనట్టే, "మెదడు దెబ్బతింటుంది" అనే మాటకూ రుజువు లేదు. నాడీకణాలు చచ్చిపోతే రక్తంలోకి వచ్చే ఎన్ఎస్ఈ లాంటి ప్రొటీన్లు ఈసీటీ తర్వాత చెప్పుకోదగ్గంత పెరగలేదు.

మతిమరుపును మాత్రం తేలిక చేసి మాట్లాడకూడదు. 84 అధ్యయనాలను కలిపి 2010లో చేసిన విశ్లేషణలో కోర్సు ముగిసిన మూడు రోజుల లోపు జ్ఞాపకం, ఆలోచనా వేగం బాగా తగ్గాయని, రెండు వారాలు దాటేసరికి మునుపటి స్థాయికి వచ్చాయని, కొన్ని పరీక్షల్లో మునుపటి కంటే మెరుగయ్యాయని తేలింది. అవి కొత్త విషయం నేర్చుకుని గుర్తుపెట్టుకునే పరీక్షలు. పాత సొంత జ్ఞాపకాల సంగతి వేరు. కోర్సు నడిచిన వారాలు, దానికి ముందు కొన్ని నెలలు కొందరికి చిల్లులు పడినట్టు ఉంటాయి, కొన్ని ఎప్పటికీ తిరిగి రావు. మనవరాలి బారసాల ఫోటోలో తాను ఉన్నా ఆ రోజు గుర్తుకు రాకపోవడం చిన్న నష్టం కాదు. కాబట్టి కోర్సు మొదలయ్యే ముందు ఫోన్ పిన్, లాకర్ తాళం ఎక్కడుంది, ఎవరికి అప్పు ఇచ్చారు, ఇటీవల జరిగిన ముఖ్యమైన సంగతులేంటి అన్నవి నోటుపుస్తకంలో రాయించుకోండి. కోర్సు నడిచే వారాల్లో ఆస్తి కాగితాల మీద సంతకాలు వద్దు, బండి నడపడం వద్దు. లిథియం (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) వాడుతుంటే డాక్టరుకు గుర్తుచేయండి, సిట్టింగు ముందు అది ఆపకపోతే కొందరికి అయోమయం ముదురుతుంది.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ మత్తు, సడలింపు మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని నిషేధించింది. మైనర్లకు ఇవ్వాలంటే సంరక్షకుల సమ్మతితో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి కావాలి. 94వ సెక్షన్ ప్రకారం అత్యవసర చికిత్స పేరుతో ఈసీటీ ఇవ్వకూడదు. మొదటిది ఎప్పుడో రావలసిన నిబంధన, దాని మీద నాకు రెండో మాట లేదు. మత్తు లేకుండా ఇచ్చిన రోజుల్లో వెన్నుపూసలు విరిగిన మాట నిజం, పెద్దవాళ్ల మనసుల్లో నిలిచిపోయిన భయమూ ఆ రోజులదే. మూడోదాని వల్ల మాత్రం రాయిలా బిగుసుకుపోయి తిండీ నీరూ మానేసిన పేషెంటు విషయంలో కాగితాల పని వేగంగా కదలాలి, కుటుంబం ఆ సంగతి మొదటి రోజే అడగాలి.

అయస్కాంత చికిత్స, అంటే ఆర్‌టీఎంఎస్, వేరే దారి. మత్తు లేదు, ఫిట్ లేదు, పేషెంటు కుర్చీలో మెలకువగా కూర్చుంటాడు. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని చేసి చూపించింది. సూత్రం 1831లో ఫారడే చెప్పిందే. తీగ చుట్టలో కరెంటు క్షణంలో మారితే పక్కనున్న వాహకంలో కరెంటు పుడుతుంది. ఇక్కడ ఆ వాహకం మెదడు. చుట్ట దగ్గర ఒకటిన్నర, రెండు టెస్లాల (అయస్కాంత బలానికి కొలమానం) బలం ఉన్నా రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే దాని శక్తి అయిపోతుంది.

ఇక్కడ మోతాదు కొలిచే సాధనం బొటనవేలు. ఎడమ పక్క చెవికి పైన, నడినెత్తికి కిందుగా చుట్టను కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో దెబ్బ కొడతారు. ఒకచోట కుడి చేతి బొటనవేలు తనంతట తాను చిన్నగా ఎగురుతుంది. పేషెంటు దాన్ని ఆశ్చర్యంగా చూస్తాడు, తాను కదపలేదు కాబట్టి. అదే చోట బలం తగ్గిస్తూ వచ్చి, పది దెబ్బల్లో ఐదింటికి వేలు కదిలే కనీస బలాన్ని, అంటే మోటార్ గడపను, పట్టుకుంటారు. దానికి 120 శాతం పెట్టి చికిత్స చేయడం మామూలు పద్ధతి. వయసు పైబడినవాళ్ల మెదడు కొంచెం కుదించుకుపోయి పుర్రెకు దూరమవుతుంది, అదే బలం లోపలికి అందదు. మందులు మారితే ఈ కొలతా మారుతుంది. మొదటి రోజు కొలిచి ఆరు వారాలు అదే అంకెతో నడిపే క్లినిక్కులో మీరు డబ్బు కట్టింది కుర్చీకి.

ఎక్కడ అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. లక్ష్యం ఎడమ నుదుటి వెనక పైభాగం. మొదట్లో బొటనవేలు కదిలిన చోటు నుంచి ముందుకు 5 సెంటీమీటర్లు కొలిచి అక్కడే పెట్టేవారు. అందరి తలా ఒకే సైజులో ఉంటుందా? చాలామందిలో చుట్ట అసలు లక్ష్యానికి వెనకే ఆగిపోయేది. ఇప్పుడు తల చుట్టుకొలత, ముక్కు మొదలు నుంచి వెనక ఎముక దాకా, చెవి నుంచి చెవి దాకా టేపుతో కొలిచి చోటు లెక్కగట్టే బీమ్ పద్ధతి ఉంది, దానికి ఖర్చేమీ లేదు. టేపు తీయని టెక్నీషియన్‌ను చూస్తే అనుమానించండి. చుట్ట తలకు ఆనకుండా కొన్ని మిల్లీమీటర్లు లేచినా, పేషెంటు నిద్రలో తూగి తల వాల్చినా ఆ రోజు మోతాదు సగం గాలికి పోయినట్టే. చుట్ట కిందికి జారితే కనుబొమ్మ, దవడ గట్టిగా కొట్టుకుంటాయి, నొప్పి కూడా ఉంటుంది. చుట్ట చప్పుడు గట్టిగా ఉంటుంది కాబట్టి చెవుల్లో దూది కాదు, ఇయర్‌ప్లగ్గులు కావాలి. తలలో లోహపు క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు ఈ కుర్చీ ఎక్కకూడదు.

ఆ ఉపరితలం మీద కొడితే లోతైన విచారం ఎలా తగ్గుతుంది? మెదడు మధ్యలో, ముందువైపు కింద సబ్‌జెన్యువల్ సింగ్యులేట్ అనే చిన్న ప్రాంతం ఉంది. డిప్రెషన్‌లో అది అతిగా పనిచేస్తూ కనబడుతుంది. చుట్ట అంత లోతుకు చేరదు. అయితే నుదుటి వెనక కొన్ని బిందువులు దానితో తూగుడుబల్లలా ముడిపడి ఉంటాయి, ఇవి లేస్తే అది దిగుతుంది. ఆ సంబంధం గట్టిగా ఉన్న బిందువు మీద కొట్టినవాళ్లకే గుణం ఎక్కువని 2012లో మైకేల్ ఫాక్స్ బృందం చూపించింది. ఒకే యంత్రం, ఒకే బలం, ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా.

సమయం సంగతి చూద్దాం. మొదట ఆమోదం పొందిన పద్ధతిలో సెకనుకు 10 దెబ్బల చొప్పున 4 సెకన్లు కొట్టి 26 సెకన్లు ఆగడం, మొత్తం 3000 దెబ్బలు, ముప్పావు గంట లోపు. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. 2018లో కెనడాలో 414 మందితో చేసిన ట్రయల్‌లో దెబ్బలను గుత్తులు గుత్తులుగా కొట్టే తీటా బర్స్ట్ పద్ధతి, 600 దెబ్బలు, మూడు నిమిషాల చిల్లర, దానికి ఏమాత్రం తీసిపోలేదని తేలింది. ఊరి నుంచి రోజూ బస్సెక్కి వచ్చే పేషెంటుకు ఇది పెద్ద తేడా కాదు, ప్రయాణం ప్రయాణమే. ఆసుపత్రికి మాత్రం పెద్ద తేడా. ఒకే యంత్రం మీద రోజుకు ఎన్నో రెట్లు పేషెంట్లు కూర్చోగలరు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ యంత్రాలు పెట్టడం దండగ అనేవాళ్లు ఈ లెక్క వేసి చూడాలి. ఎర్రగడ్డలోనో విశాఖ మానసిక ఆసుపత్రిలోనో బారులు తీరే పేషెంట్లకు మూడు నిమిషాల సిట్టింగు పద్ధతి అందాలి, నగరాల్లో డబ్బున్నవాళ్లకే పరిమితం కాకూడదు.

స్టాన్‌ఫర్డ్‌లో నోలన్ విలియమ్స్ బృందం ఇంకా ముందుకు పోయింది. రోజుకు పది సిట్టింగులు, మధ్య మధ్య 50 నిమిషాల విరామం, ఐదు రోజులు, మొత్తం 90,000 దెబ్బలు, ఎవరి ఎంఆర్‌ఐ చూసి వాళ్ల బిందువు. విరామం అలంకారం కాదు. ఒకసారి కదిలిన నాడుల ముడి, అంటే సినాప్స్, గంటకు అటూ ఇటూ మళ్లీ కదిపితేనే గట్టిపడుతుందని జంతువుల మెదడు ముక్కల్లో చూసిన దాన్ని బట్టి పెట్టుకున్న వ్యవధి అది. 2022లో వెలువడిన ఫలితాల్లో నాలుగు వారాల లోపు పూర్తిగా తేరుకున్నవాళ్లు 79 శాతం, ఉత్తుత్తి చికిత్సలో (చేసినట్టు కనబడుతుంది గానీ దెబ్బ తగలదు) 13 శాతం. మనుషులు 29 మందే, అది మరిచిపోవద్దు. అదే బృందం నుంచి 2023లో వచ్చిన మరో ఫలితం నాకు ఇంకా విలువైనదిగా కనబడుతుంది. మామూలు మెదడులో శరీరపు అనుభూతులను పోగుచేసే ఇన్సులా ముందు భాగం నుంచి, ఉద్వేగాలతో ముడిపడిన సింగ్యులేట్ ముందు భాగానికి కార్యకలాపం ప్రవహిస్తుంది. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న చాలామందిలో ఆ ప్రవాహం ఎదురు తిరిగి ఉంది. చికిత్స తర్వాత అది సరైన దిశకు మళ్లింది, మళ్లినవాళ్లకు గుణమూ కనబడింది. రసాయనం తక్కువైంది, నింపాలి అనే పాత బొమ్మకు ఇది లొంగదు. కాలువ అదే, నీళ్లూ అవే, పారే దిక్కు తప్పింది.

ఇంత చెప్పాక రెండో పక్క కూడా చెప్పాలి. 2010లో అమెరికాలో 190 మందితో చేసిన ట్రయల్‌లో నిజం చుట్టతో తేరుకున్నవాళ్లు 14 శాతం, ఉత్తుత్తి చుట్టతో 5 శాతం. 2018లో మాజీ సైనికులు 164 మందితో చేసినదాంట్లో 41, 37 శాతాలు. అంటే తేడా దాదాపు లేనట్టే. రోజూ లేచి తయారై ఒకచోటికి రావడం, ఒక మనిషి పలకరించడం, ఎవరో తన కోసం శ్రద్ధగా పనిచేయడం డిప్రెషన్‌కు మందేనని ఆ 37 శాతం చెప్తోంది. దాన్ని మోసం అనను. దాన్ని యంత్రం ఖాతాలో వేసి అమ్మితే మాత్రం మోసం. భ్రమలున్న డిప్రెషన్‌కు, తిండి మానేసిన మనిషికి ఈసీటీ బదులు దీన్ని "మెత్తని చికిత్స" అని అంటగట్టడం ప్రమాదం. ఆరు వారాలు ఆగే వ్యవధి అక్కడ లేదు.

రెండు చికిత్సలకూ చేటు చేసే చిన్న విషయం ఒకటి మన ఇళ్లలో చాలావాటి మందుల డబ్బాలో ఉంటుంది. రాత్రి నిద్రకని వేసుకునే క్లోనాజెపామ్, అల్ప్రాజోలామ్. ఇవి ఈసీటీలో ఫిట్ గడపను పెంచేస్తాయి. ఆర్‌టీఎంఎస్‌లో ఇవి వాడేవాళ్లకు గుణం తక్కువగా వచ్చినట్టు వేర్వేరు అధ్యయనాలు చూపించాయి. మెదడు మార్పుకు సిద్ధపడాలని ఒక చేత్తో తట్టి లేపుతూ, ఇంకో చేత్తో జోకొట్టినట్టు అవుతుంది. అలాగని సొంతంగా ఒక్కసారి ఆపేస్తే నిద్ర పోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. కోర్సు ముందే డాక్టరుతో కూర్చుని మెల్లగా తగ్గించుకోవాలి. ఆర్‌టీఎంఎస్‌లో ఫిట్ రావడం చాలా అరుదు, వెయ్యి మందిలో ఒకరికంటే తక్కువ. అలా వచ్చేవాళ్లలో ముందు రాత్రి నిద్ర లేకపోవడం, మద్యం, మందుల మార్పు లాంటి కారణాలు తరచూ కనబడతాయి.

పుర్రెకు రంధ్రం చేసి మెదడులోకి తీగలు దింపే డీబీఎస్ డిప్రెషన్ విషయంలో ఇంకా పరిశోధన దశలోదే. 2005లో టొరంటోలో హెలెన్ మేబర్గ్, లొజానో ఆరుగురికి ఆ సబ్‌జెన్యువల్ ప్రాంతంలో తీగలు పెడితే నలుగురు మెరుగయ్యారు. తర్వాత 90 మందితో చేసిన పెద్ద ట్రయల్‌లో ఆరు నెలలకు నిజం కరెంటుతో మెరుగైనవాళ్లు 20 శాతం, ఉత్తుత్తితో 17 శాతం. ఆపేశారు. తర్వాత తెలిసిందేమిటంటే, లక్ష్యం ఆ ముద్ద కాదు, అక్కడ కలుసుకునే నాలుగు తెల్లని నరాల కట్టల కూడలి. మిల్లీమీటర్లలో తప్పింది. ఇక ఆన్‌లైన్లో కొని ఇంట్లో తలకు పెట్టుకునే టీడీసీఎస్ పట్టీలది 2 మిల్లీఆంపియర్ల కరెంటు, తడి స్పాంజీల గుండా 20, 30 నిమిషాలు. దాని మీద ట్రయల్స్ కొన్ని అటు, కొన్ని ఇటు. స్పాంజి ఆరిపోతే చర్మం కాలుతుంది. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషికి దీన్ని తెప్పించి ఇంట్లో పెట్టి రోజులు గడపడం తప్పు.

చివరిగా, ఎన్నాళ్లు. ఈసీటీతో తేరుకున్నవాళ్లను ఆరు నెలలు గమనించిన అధ్యయనం 2001లో వచ్చింది. తర్వాత ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 84 శాతానికి జబ్బు తిరగబెట్టింది. నార్‌ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మాత్ర ఇచ్చినవాళ్లలో 60 శాతం. నార్‌ట్రిప్టిలిన్‌తో లిథియం కలిపి ఇచ్చినవాళ్లలో 39 శాతం. కరెంటు తెరిచిన తలుపు దానంతట అదే తెరుచుకుని ఉండదు. "షాకులు పెట్టించాం, ఆర్నెల్లకు మళ్లీ మామూలే" అని చెప్పే ఇళ్లలో చాలావాటి సంగతి ఇదే. కోర్సు అయిందని సంబరపడి ఇంటికి తీసుకెళ్లారు, మాత్రలు ఆగిపోయాయి, ఎవరూ మళ్లీ రమ్మనలేదు. చాలా కేంద్రాల్లో కోర్సు అయ్యాక వారానికొకటి, తర్వాత రెండు వారాలకొకటి, తర్వాత నెలకొకటి చొప్పున కొనసాగింపు సిట్టింగులు ఇస్తారు. మొదటి రెండు నెలలు తిరగబెట్టడానికి అనువైన కాలం.

డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడు దాని మీద ఏ పక్క పెట్టారు, ఎన్ని మిల్లీకూలుంబులు, పల్సు వెడల్పు ఎంత, ఎన్ని సిట్టింగులు, ఏ మందు ఏ మోతాదులో కొనసాగాలి అన్నవి రాసి ఉన్నాయో లేదో చూడండి. ఆర్‌టీఎంఎస్ అయితే మోటార్ గడప ఎంత, ఎన్నిసార్లు తిరిగి కొలిచారు, చోటు ఎలా కొలిచారు. లేకపోతే కౌంటరు దగ్గరే నిలబడి రాయించుకోండి. ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే ఆ అంకెలే దారి. వాటి కింద తర్వాత ఎప్పుడు రావాలో తేదీ ఉండాలి. ఆ తేదీ లోపు మనిషి మాట తగ్గినా, చచ్చిపోతానన్నా తేదీ కోసం ఆగొద్దు. రాత్రి ఏ వేళైనా 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, తెల్లవారగానే కాగితం పట్టుకుని అదే ఆసుపత్రికి వెళ్లండి.